గుంటూరు టిఫిన్ బల్ల: వంట ఎక్కడిది, చోటు ఎవరిది

ఆదివారం పదకొండు గంటల వేళ గుంటూరు లక్ష్మీపురంలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కొత్తగా వెలిసిన హోటళ్లలో పెసరట్టు పక్కనే పాన్‌కేకులు, వాఫుల్స్, పాస్తా, రకరకాల ఆమ్లెట్లు వడ్డిస్తున్నారు. పొద్దుటి టిఫినూ మధ్యాహ్నపు భోజనమూ కలిపి ఒకే పూటగా తినే ఈ పద్ధతికి బ్రంచ్ అని పేరు. గై బెరింజర్ అనే ఆంగ్లేయ రచయిత 1895లో ఒక వ్యాసంలో ఈ పూట కావాలని వాదించాడు. ఆదివారం ఆలస్యంగా లేచేవాళ్లకు పెందలాడే టిఫిన్ తినాల్సిన పనీ, ఆ తర్వాత బరువైన భోజనం చేయాల్సిన పనీ ఉండవని ఆయన చెప్పిన కారణం. నూట ముప్పై ఏళ్ల తర్వాత అది పత్తి, మిరప పండే మన మైదానానికి చేరితే రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. ఇది మన తిండి కాదు, మన పూట కాదు, దీనివల్ల మన వంటలు మరుగున పడతాయని కొందరి బాధ. ఊరు ఎదిగింది, ప్రపంచం ఇప్పటికి మన పళ్లెంలోకి వచ్చిందని మరికొందరి సంబరం. రెండు మాటల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే, పరాయి తిండి మనకు కొత్త అని. ఆ నమ్మకం చరిత్రకు నిలవదు. గుంటూరు, ప్రకాశం సీమల్లో పరాయి వంటకం ఎన్నడూ గడప దగ్గర ఆగిపోలేదు. ఆగిపోయింది మనుషులే. ఏం తింటున్నాం అన్నదానికంటే ఎవరి పక్కన కూర్చుని తింటున్నాం అన్నదే ఇక్కడ అసలు తగువు. కొత్త హోటల్‌ను కొలవాల్సింది కూడా ఆ కొలతతోనే అని నా వాదన.

ముందు మనదే అనుకునే పళ్లేన్ని చూద్దాం. ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి, పల్లీ చట్నీ, చివర ఒక కాఫీ. ఇంతకంటే తెలుగు టిఫిన్ మరొకటి లేదని అందరూ ఒప్పుకుంటారు. ఇందులో పెసలు నిస్సందేహంగా మనవి, ఈ ఉపఖండంలోనే మనిషి సాగులోకి తెచ్చిన గింజ అది. అట్టు మీద చల్లిన పచ్చిమిర్చి పుట్టింది అమెరికా ఖండంలో, మెక్సికో ప్రాంతంలో. చట్నీలోని వేరుశనగ దక్షిణ అమెరికాది. ఉప్మాలోని బొంబాయి రవ్వ గోధుమది. ఆ గోధుమ పశ్చిమాసియాలో పుట్టి ఉత్తరాది మీదుగా వచ్చింది, మన నల్లరేగడిలో అది ఏనాడూ ప్రధాన పంట కాలేదు. పచ్చడిలోని చింతపండు తొలి ఊరు ఆఫ్రికా అని వృక్షశాస్త్రవేత్తలు చెబుతారు. కాఫీ ఇథియోపియా కొండల్లో పుట్టి, యెమెన్ రేవుల మీదుగా మైసూరు సీమకు వచ్చి, అక్కడి నుంచి మనకు చేరింది. పక్క పళ్లెంలో ఇడ్లీ ఉంటే దాని కథా చిన్నది కాదు. క్రీ.శ. 920 ప్రాంతంలో కన్నడంలో వచ్చిన 'వడ్డారాధనె'లో ఇడ్డలిగె పేరు కనిపిస్తుంది. పిండిని పులియబెట్టి ఆవిరి మీద ఉడికించే పద్ధతి ఇండోనేషియా నుంచి వచ్చి ఉండవచ్చని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య ఊహించారు, దాన్ని కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆ తగువు ఎటు తేలినా, మన ఊరి టిఫిన్ పళ్లెంలో నాలుగు ఖండాల పంటలు ఉన్నాయన్నది మాత్రం కాదనలేని సంగతి. గుంటూరు పేరుతో లోకమంతా చెప్పుకునే గోంగూరకు సైతం ఆఫ్రికా మూలం ఉంది. పల్నాటి రైతు తరతరాలుగా తిన్న జొన్న కూడా వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన గింజే.

ఈ రాకపోకలకు మన తీరంలో పాత సాక్ష్యాలు ఉన్నాయి. నేటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర, మోటుపల్లి అనే చిన్న ఊరు ఉంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకును రాజులు లాక్కునే అలవాటును మాన్పిస్తూ, సుంకం మాత్రమే తీసుకుంటామని గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. ఆ శాసనం చెప్పిన సరుకుల్లో చందనం, చీనా కర్పూరం, పన్నీరు, దంతం, పట్టు, పగడాలతో పాటు మిరియాలు, పోకలు ఉన్నాయి. అదే శతాబ్దం చివర మార్కో పోలో ఈ సీమను మోటుపల్లి పేరుతోనే గుర్తించి, ఇక్కడి సన్నని నూలు బట్టను మెచ్చుకున్నాడు. దక్షిణంగా మోటుపల్లి చేసిన పనిని తర్వాతి కాలంలో ఉత్తరాన నిజాంపట్నం చేసింది. డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లీషువాళ్లు 1611లో అక్కడ దిగారు. మన నూలు బట్ట ఇచ్చి తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలు కొనుక్కోవడం వాళ్ల వ్యాపారం. అంటే ఈ మైదానంలో పత్తి పండించిన రైతూ, బట్ట నేసిన నేతగాడూ యూరపు, ఇండోనేషియా వంటిళ్లతో నాలుగు వందల ఏళ్ల కిందటే సంబంధం ఉన్నవాళ్లు. పరాయి రుచి మన దగ్గరికి రావడానికి విమానాశ్రయం కోసం ఎదురుచూడలేదు.

డబ్బిచ్చి బయట తినడం కూడా ఇక్కడ పాత అలవాటే. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ఉన్న 'క్రీడాభిరామం' ఓరుగల్లు నగరంలో ఒక రోజును వర్ణిస్తుంది. అందులో ఒక రూక ఇస్తే లక్ష్మణవజ్ఝల వారి పూటకూటింట్లో మంచి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, పెసరపప్పు, అరటిపండ్లు, అప్పుడే కాచిన నెయ్యి, కూరలు, పెరుగు దొరికేవట. ఈ పట్టికలో మిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. పోర్చుగీసువాళ్లు 1498లో కాలికట్‌కు వచ్చి, 1510లో గోవా పట్టుకున్న తర్వాతే అది ఈ దేశంలో అడుగుపెట్టింది. పల్నాడు తిరిగిన శ్రీనాథుడు అక్కడ జొన్నకూడు తప్ప మరొకటి దొరకదని వాపోయినట్టు ఆయన పేరున చాటువులు ప్రచారంలో ఉన్నాయి. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా ఉన్న ఆ మహాకవి కూడా మిరపకారం రుచి ఎరగడు. ఈనాడు ఆసియాలోనే అతిపెద్ద మిర్చి యార్డుగా పేరున్న గుంటూరు నేల మీద ఆరువందల ఏళ్ల కిందట కారమంటే మిరియమే.

మరి మిరప అంత త్వరగా ఎలా నాటుకుంది? దీనికి జవాబు రుచిలో కంటే ఖర్చులో ఉంది. మిరియం మలబారు కొండల పంట, మైదానంలో పండదు, కొనుక్కోవాలి. మిరప పెరట్లో పెరుగుతుంది, ఎండబెడితే ఏడాదంతా నిలుస్తుంది, చేతిలో రూక లేని ఇంట్లో కూడా జొన్నకూటికి, గంజికి కారం అందిస్తుంది. మిరియాల కోసం వచ్చిన పోర్చుగీసువాళ్లు మన వంటిళ్లలో మిరియానికి బదులు నిలిచిన మొక్కను విడిచిపెట్టి వెళ్లారు. అంతకుముందు ఉన్నవాళ్లకు మాత్రమే అందిన రుచి పేదవాళ్లకు అందింది కాబట్టే ఆ పరాయి కాయ మనదైపోయింది. అయినా అది బయటి నుంచి వచ్చిందన్న జ్ఞాపకం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ చాలా బ్రాహ్మణ కుటుంబాల్లో తద్దినం వంటలో మిరపకాయ వేయరు, మిరియమే వాడతారు. బంగాళాదుంప, టమాటా, క్యాబేజీ జోలికి పోరు. పితృదేవతలకు పెట్టే విస్తరిలో కొత్త పంటలకు చోటు లేకపోయినా, ఆ తంతు ముగిసిన మర్నాడు అదే ఇంట్లో ఆవకాయ, టమాటా పప్పు మామూలే. ఆచారం ఒక్క పూటకు గిరి గీసుకుంది, నిత్య జీవితం ఆ గిరి దాటి ఎప్పుడో వెళ్లిపోయింది. మిరప మీద ఆ తర్వాత మన శాస్త్రజ్ఞులు, రైతులు పెట్టిన శ్రమ అసాధారణమైనది. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధనా క్షేత్రం జి-4, ఎల్‌సీఏ-334 లాంటి రకాలను రైతుకు అందించింది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పరాయి మొక్కకు మన ఊరి పేరే చట్టబద్ధమైన చిరునామా అయింది.

వంటకం ఇంత తేలిగ్గా కలిసిపోయిన నేల మీద బల్ల ఎలా మారిందో చూస్తే చరిత్ర వేరే తీరున కనిపిస్తుంది. పూటకూటి ఇల్లు ఎవరో ఒక కులంవాళ్ల ఇల్లు. అక్కడ భోజనం వడ్డించేవాళ్ల మడినిబట్టి, తినేవాళ్ల కులాన్నిబట్టి లోపలికి ఎవరు రావాలో తేలేది. 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ తెలుగు పాఠకులందరికీ తెలిసిన మనిషి. ఆమె నడిపింది ఇల్లే గానీ అంగడి కాదు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసే వేళకు ఈ ఏర్పాటు సరిపోని పరిస్థితి వచ్చింది. మద్రాసు నుంచి బెజవాడకు రైలు మార్గం 1899లో పూర్తయి ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి స్టేషన్లు దాని మీదికి వచ్చాయి. 1904లో గుంటూరు మళ్లీ జిల్లా కేంద్రమై, కచేరీ పని మీద వచ్చే రైతులు, వకీళ్లు, గుమాస్తాలు పెరిగారు. పత్తి బేళ్లకు, పొగాకు బేళ్లకు, మిర్చి టిక్కీలకు (బస్తాలకు) తోడుగా ఊరు దాటి వచ్చిన మనిషికి ఎవరి ఇంటి తలుపూ తట్టకుండా, డబ్బిచ్చి, నిమిషాల్లో తినే చోటు కావాలి. ఆ అవసరంలోంచి కాఫీ హోటల్ పుట్టింది. గుంటూరులో ప్రధానమైన ఒక కూడలిని జనం ఈనాటికీ శంకర్‌విలాస్ సెంటర్ అనే పిలుస్తారు. ఒక హోటల్ పేరు ఊరి నడిబొడ్డుకు గుర్తు కావడం ఆ వ్యాపారం ఊరి బతుకులో ఎంత లోతుగా నాటుకుందో చెబుతుంది. కాఫీ మీద మోజు ఎంతవరకు వెళ్లిందంటే, పల్నాటి అవధాని పోకూరి కాశీపతి దేవతలను కొలిచే ఛందస్సులో ఏకంగా కాఫీ దండకమే రాశారు. కాఫీ దురలవాటని, చద్దన్నం మాని హోటల్‌కి ఎగబడుతున్నారని ఆ రోజుల్లోనూ పెద్దలు మందలించారు. ఇప్పుడు బ్రంచ్ మీద వస్తున్న అభ్యంతరం వాళ్ల నోటి నుంచి ఒకసారి వచ్చినదే.

అయితే ఆ కాఫీ హోటల్‌ను ప్రజాస్వామ్యానికి పాఠశాలగా చిత్రిస్తే నిజానికి అన్యాయం చేసినట్టే. మద్రాసు రాజధానిలో చాలా హోటళ్లకు బ్రాహ్మణ హోటల్ అని బోర్డే ఉండేది. బ్రాహ్మణులకు వేరే గది కట్టిన హోటళ్లూ ఉండేవి. కాఫీ గింజ ఇథియోపియాదని ఎవరికీ బాధ లేదు, దాన్ని కాచిన చెయ్యి ఏ కులానిదన్నదే పట్టింపు. పట్నాల్లో ఆ బోర్డులు క్రమంగా పోయాయి. పల్లెల్లో మాత్రం రెండు గ్లాసుల పద్ధతి నిలిచింది. దళితుడికి వేరే గ్లాసు, అది హోటల్ బయట చూరులో, తాగాక తానే కడిగి పెట్టాలి, బల్ల మీద కూర్చోకూడదు. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లను పేరు పెట్టి చెప్పి అందరికీ ప్రవేశం ఇచ్చింది, 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది. ఆ చట్టం వచ్చిన ముప్పై ఏళ్లకు, 1985 జులై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన మాట ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అక్కడ తగువు మొదలైంది సినిమా హాల్లో పక్కపక్కన కూర్చోవడం దగ్గర. రెండుచోట్లా నిప్పు రాజుకున్నది నలుగురూ కలిసి వాడుకునే చోటులోనే. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఇచ్చిన నివేదిక కూడా రెండు గ్లాసుల పద్ధతి మన రాష్ట్రంలో ఇంకా బతికే ఉందని చెప్పింది. మెక్సికో కాయ మన ఊరి కాయ కావడానికి కొద్ది తరాలు చాలాయి. పక్క వాడలోని మనిషి పక్క కుర్చీలో కూర్చోవడానికి అంతకంటే ఎన్నో రెట్లు కాలం పట్టింది, రక్తం కూడా ఖర్చయింది.

ఆడవాళ్ల సంగతి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాఫీ హోటల్ మగవాళ్ల చోటుగానే పెరిగింది. ఇంట్లో పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి పదిమందికి వండిన మనిషికి హోటల్ టిఫిన్ అందింది పార్సిల్‌గానే. తర్వాత వచ్చిన ఫ్యామిలీ రూములు, వాటి తెరలు, ఆడవాళ్లు హోటల్‌లో కూర్చోవచ్చని చెబుతూనే ఎవరికీ కనబడకూడదని కూడా చెప్పాయి. ఈనాడు నలుగురు స్నేహితురాళ్లు మగతోడు లేకుండా, తెర లేకుండా, ఆదివారం ఉదయం గంటన్నరసేపు కూర్చుని తీరిగ్గా తింటున్నారంటే, ఆ బల్ల మీద ఉన్నది పాన్‌కేకా పెసరట్టా అన్నది నాకు రెండో విషయం. వారంలో ఒక్క పూటైనా వంట పని తమ మీద లేకుండా, తమ కోసం ఎవరో వడ్డిస్తుండగా తినే హక్కు వాళ్లకు దక్కడం మొదటి విషయం. బ్రంచ్‌ను వెక్కిరించేవాళ్లు ఈ మార్పును లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, పరాయి తిండి ఎప్పుడూ ఒంటరిగా రాదు, వెనక అధికారాన్ని తెస్తుంది అన్నది. ఇందులో నిజం ఉంది. మిరప వలస పాలకుల ఓడలో వచ్చింది. 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందంతో అమెరికా గోధుమ మన రేషన్ దుకాణాల్లోకి వచ్చింది. కేర్ సంస్థ పంపిన పాలపొడి, మొక్కజొన్న రవ్వ బడిపిల్లల మధ్యాహ్నాలు నింపాయి. అప్పటి పిల్లలు ఆ పసుపుపచ్చ ఉప్మాను ఇప్పటికీ తలుచుకుంటారు. ఆకలి తీర్చిన ఆ గింజ వెనక దాత దేశపు రాజకీయం ఉందని అందరికీ తెలుసు. కానీ ఇదే మైదానం 1832-33లో డొక్కల కరువు చూసింది. గుంటూరు సీమలో ఇళ్లకు ఇళ్లు ఖాళీ అయిన ఆ కరువులో చనిపోయినవాళ్లను పరాయి తిండి చంపలేదు, తిండి లేకపోవడం చంపింది. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని కరువు బాధితులకు పని చూపించాడు. అధికారంతో పాటు వచ్చిన గింజను జనం తిన్నారు, వచ్చిన అధికారాన్ని తర్వాత ప్రశ్నించారు. రెండూ వేర్వేరు పనులు. గింజను తిరస్కరిస్తే అధికారం పోదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. కొత్త వంటకాలు వస్తే పాతవి పోతాయి, జొన్న, కొర్ర, వరిగ ఎలా పోయాయో చూడండి అంటారు. పోయిన మాట నిజమే, పోగొట్టిన కారణం మాత్రం వేరు. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి తెనాలి, రేపల్లె ప్రాంతాలు వరి సీమ అయ్యాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కుడికాలువకు నీళ్లు వదిలాక పల్నాటి జొన్నచేలల్లో కూడా వరి, పత్తి, మిరప పెరిగాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేద ఇంటి పొయ్యి మీద తెల్లన్నాన్ని స్థిరపరిచింది. జొన్నను తరిమింది వాఫుల్ కాదు, పాస్తా కాదు. నీళ్లు, ధర, వరి అన్నానికి సమాజంలో ఉన్న గౌరవం కలిసి ఆ పని చేశాయి. తెల్లన్నం తినడం ఉన్నవాళ్ల గుర్తుగా ఉన్న నేల మీద, అది అందరికీ అందిన రోజున జొన్నకూటిని జనం ఇష్టంగానే వదిలారు. ఆ ఇష్టాన్ని తప్పుపట్టే హక్కు ఏనాడూ ఆకలి ఎరగనివాళ్లకు లేదు. చిత్రమేమిటంటే, జొన్నరొట్టె, కొర్ర ఉప్మా ఇప్పుడు పట్టణపు హోటళ్ల పట్టికలోకి తిరిగి వస్తున్నాయి. పాత గింజకు కొత్త గిరాకీ అదే బల్ల మీద పుడుతోంది.

మూడో అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. మిరప ఇక్కడ పండింది, అవకాడో, చీజ్ ఎక్కడివో, వాటి డబ్బు మన పొలానికి రాదు. ఇది న్యాయమైన ప్రశ్న. కాఫీ గింజగానీ, బొంబాయి రవ్వగానీ ఈ మైదానంలో పండలేదు, అయినా మన టిఫిన్‌లో భాగమయ్యాయి కాబట్టి ఇక్కడ పండకపోవడం ఒక్కటే వంటకాన్ని పరాయిని చేయదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. గుంటూరు రైతు బతుకు ఇతర దేశాల నాలుక మీద ఆధారపడి ఉంది. తేజ రకం మిర్చిని చైనా పెద్ద ఎత్తున కొంటుంది. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేషియా, శ్రీలంక, బంగ్లాదేశ్ మన కొనుగోలుదారులు. ఎగుమతి తగ్గితే యార్డులో టిక్కీల కుప్పలు పేరుకుంటాయి, ధర పడుతుంది. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఒంగోలు జాతి పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ చేరి, నెలోర్ అనే పేరుతో అక్కడి పశుసంపదలో ప్రధాన జాతి అయ్యాయి. మన మిరప చైనా కుండలో, మన గిత్త బ్రెజిల్ పచ్చికలో ఉండాలని కోరుకుంటూ, వాళ్ల వంటకం మన బల్ల మీదికి వస్తే నొచ్చుకోవడం తగదు. రైతు పక్షాన అడగాల్సింది వేరే ఉంది. హోటల్ తన కారం, కూరగాయలు, పాలు, గుడ్లు చుట్టుపక్కల పల్లెల నుంచి సరైన ధరకు కొంటోందా అన్నది ఆ ప్రశ్న. అది పాన్‌కేకు హోటల్‌నూ అడగాలి, ఇడ్లీ హోటల్‌నూ అడగాలి.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఎందుకంటే అది చాలావరకు నిజం. కాఫీ హోటల్ అవసరంలో పుట్టింది, బ్రంచ్ తీరికలో పుట్టింది. తీరిక డబ్బున్నవాళ్లదే. ఆదివారం కూడా యార్డులో బస్తాలు దించే హమాలీకి, ఎండలో కూర్చుని మిరప తొడిమలు తీసే ఆడకూలీకి పదకొండు గంటల దాకా ఆగి తినే వీలు ఎక్కడిది? నిజానికి ఆ వేళ పొలంలో వాళ్లు తినేదీ రెండు పూటలు కలిసిన తిండే. పొద్దున్నే చేలోకి దిగి, ఎండెక్కాక గట్టు మీద చద్దిమూట విప్పి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తినే చద్దివేళ ఈ మైదానానికి బెరింజర్ కంటే ఎంతో ముందు నుంచీ తెలుసు. ఆ పూట ఆకలిది, ఈ పూట ఆటవిడుపుది. మొదట కాఫీ కూడా గుమాస్తాల, వకీళ్ల విలాసంగానే ఉండి, తర్వాత రిక్షావాడి చేతికి, కూలీ చేతికి అందిందని గుర్తు చేసుకోవచ్చు. ఐతే అది దానంతట అది జరగలేదు. వీధి చివర బండ్లు పెట్టినవాళ్లు ధర తగ్గించారు. దళిత సంఘాలు, కమ్యూనిస్టులు, హేతువాదులు గ్లాసు మీద పోరాడారు. చట్టం తోడు నిలిచింది. బ్రంచ్ కూడా కాలక్రమాన అందరిదీ అవుతుందిలే అని చేతులు కట్టుకుని కూర్చోవడానికి చరిత్ర మనకు అనుమతి ఇవ్వదు. మిరప పేదవాడికి అందింది కాబట్టే మనదైంది. కాఫీ అందరి గ్లాసులోకి వచ్చిన తర్వాతే మనదైంది. బ్రంచ్‌కూ ఆ నియమమే వర్తిస్తుంది.

ఇదంతా చూశాక నా తీర్పు ఇది. కొత్త హోటల్ పట్టికలో విదేశీ పేర్లు చూసి సంస్కృతి పోయిందని బాధపడనక్కర్లేదు, ఆ పేర్లు చూసి నాగరికత వచ్చిందని పొంగిపోనక్కర్లేదు. పదేళ్లలో ఆ వంటకాలకు మన కారం పడుతుంది, మన చట్నీ తోడవుతుంది, మన పిల్లలు అవి ఎక్కడి నుంచి వచ్చాయో మర్చిపోతారు. ఆ సంగతి మన నాలుకలు చూసుకుంటాయి, గత అయిదు వందల ఏళ్లు చూసుకున్నాయి. మనం చూసుకోవాల్సింది బల్ల సంగతి. అక్కడ వడ్డించే కుర్రాడికి, వెనక గిన్నెలు కడిగే మనిషికి చట్టం చెప్పిన జీతం, వారానికో సెలవు అందుతున్నాయా? బట్టలు, భాష, వాడ చూసి తినడానికి వచ్చినవాళ్లలో ఎవరినైనా గుమ్మం దగ్గర తేడాగా చూస్తున్నారా? ఆడవాళ్లు, దళితులు, ముస్లింలు, పల్లె నుంచి వచ్చిన రైతు కుటుంబం అదే కుర్చీల్లో అంతే ధీమాగా కూర్చోగలుగుతున్నారా? కూలి దినం ఖర్చు కాకుండా తినగలిగిన ఒక్క పళ్లెమైనా ఆ పట్టికలో ఉందా? హోటల్ నడిపేవాళ్లు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి, డబ్బిచ్చి తినేవాళ్లు వాటిని అడగాలి. గుంటూరు, ప్రకాశం, పల్నాడు, బాపట్ల జిల్లాల్లో తిండి గురించి మాట్లాడేవాళ్లందరికీ నా విన్నపం ఒక్కటే: వంటకం పుట్టిన ఊరు అడగడం మానండి, బల్ల దగ్గర చోటు దొరకని మనిషి ఎవరో అడగండి.